నిద్రకూ బిల్లు వేయండి

ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు ఆసుపత్రిలో నిద్రపోతారనే అపోహ మన సమాజంలో ఇంకా పోలేదు. "మత్తిచ్చి నాలుగు గంటలు పడుకోబెట్టారుగా" అంటారు బంధువులు. మత్తు వేరు, నిద్ర వేరు. పెద్ద ఆపరేషనైతే మొదటి ఒకటి రెండు రాత్రులు గాఢనిద్ర బాగా తగ్గిపోతుంది, కలలొచ్చే రెమ్ నిద్ర దాదాపు మాయమవుతుంది. కోత పడగానే ఒంట్లో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ పెరుగుతుంది. నొప్పికిచ్చే మార్ఫిన్ కూడా రెమ్‌ను అణిచేస్తుంది. మార్ఫిన్ మానేస్తే నొప్పి పడుకోనివ్వదు. ఆ తర్వాత రాత్రుల్లో బాకీపడ్డ కలలన్నీ వడ్డీతో సహా మీద పడతాయి.

ఇంతా పోగా మిగిలిన కునుకు సంగతి వార్డు చూసుకుంటుంది. రాత్రి రెండు గంటలకు ట్యూబ్‌లైట్ వెలుగుతుంది, బీపీ పట్టీ మోచేతి పైన బిగుస్తుంది. సెలైన్ పంపు కూస్తుంది. అయిదు కాకుండానే "తాతగారూ, చెయ్యి చాపండి" అంటూ రక్తానికి వస్తారు. రాత్రిపూట వార్డులో శబ్దం 30 డెసిబెల్స్ మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లోనే చెప్పింది. పక్క బెడ్ అటెండెంట్ రీల్స్ చూస్తున్నాడు, ఆయనకింకా ఈ కబురు అందినట్టు లేదు. పగలు పడుకుందామంటే చూడ్డానికొచ్చిన పిన్నిగారు "లేపకండమ్మా, చూసి పోతాం" అని మూడో బెడ్ దాకా వినబడేలా చెబుతారు.

మొదటి రాత్రి బీపీ చూడకపోతే లోపల రక్తస్రావమైనా తెలియదు, ఒప్పుకుంటాను. రేపు డిశ్చార్జి అయ్యే మనిషిని కూడా అదే గంటకు లేపడం దేనికో! నిద్ర చాలకపోతే నొప్పి ఇంకా ఎక్కువ తెలుస్తుంది. పెద్దవాళ్లు తామెక్కడున్నారో తెలియక కలవరించే ప్రమాదమూ పెరుగుతుంది. ఇదంతా డాక్టర్లకు తెలుసు. కానీ బిల్లులో గ్లవ్స్ ఉన్నాయి, దూది ఉంది, మిసిలేనియస్ ఉంది, నిద్ర లేదు. బిల్లులో లేనిదాన్ని ఎవరు కాపాడతారు?

అందుకే నా ప్రతిపాదన: నిద్రకు గంటకింత అని రేటు పెట్టండి. రోగికి నిద్రపట్టిన క్షణం నుంచి మీటర్ తిరగనివ్వండి. ఇక చూడండి, సిస్టర్లు మునివేళ్ల మీద నడుస్తారు, తలుపులకు నూనె పడుతుంది, పిన్నిగారిని సెక్యూరిటీ గేటు దగ్గరే ఆపేస్తాడు. చిక్కల్లా ఇన్సూరెన్స్ వాళ్లతోనే. పాలసీ తీసుకోకముందు నుంచే ఈయనకు నిద్రపోయే అలవాటుంది కాబట్టి ఇది ప్రీ-ఎగ్జిస్టింగ్ అని క్లెయిమ్ తిప్పి పంపుతారు.