ఆ డిస్కు తీసి బీరువాలో పెట్టండి

పలాసలో ఒక జీడిపప్పు వ్యాపారి ఆఫీసులో కంప్యూటర్లు చూసేది నేనే. బిల్లింగ్ ఇంకా విండోస్ 7 మీదే. దానికి మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు 2020 జనవరి 14తోనే ఆగిపోయాయి. "పనిచేస్తోంది కదా, మార్చడం ఎందుకు?" అంటారు ఓనరు గారు.

పాస్‌వర్డ్ చీటీ మానిటర్‌కే అంటించి ఉంటుంది. అదైనా పీకేయొచ్చు. నా బాధంతా బ్యాకప్ డిస్కు గురించే. రాత్రీ పగలూ అదే కంప్యూటర్‌కి తగిలించి ఉంచుతారు. రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకి తాళం వేసి డబ్బులడిగే వైరస్ లాంటిది, వస్తే ఫైళ్లతో పాటు ఆ డిస్కునీ లాక్ చేసేస్తుందని ఎన్నిసార్లు చెప్పాలి? 2017 మేలో వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ వచ్చింది. దాన్ని అడ్డుకునే అప్‌డేట్ మార్చిలోనే వచ్చేసింది, వేసుకోని వాళ్లే దెబ్బతిన్నారు.

జీడిపిక్కల గోదాముకి రెండు తాళాలు, ఒక వాచ్‌మన్. రైతుల బాకీలున్న లెక్కలకి ఏ కాపలా లేదు. రాత్రి ఆఫీసు నుంచి ఫోనొస్తే చాలు, నాకు గుండె ఝల్లుమంటోంది.