వంద కిలోల నిశ్శబ్దం

ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను ఇంతవరకు రోల్స్ రాయిస్ కారు ఎక్కలేదు. ఒకసారి మాత్రం రోడ్డు పక్కన ఆగి ఉన్నదాని అద్దంలో చూసుకుని తల దువ్వుకున్నాను. లోపల మనుషులున్నారని, వాళ్లు నన్ను తిడుతున్నారని పెదాల కదలికను బట్టి తెలిసింది. మాట మాత్రం ఒక్కటీ బయటికి రాలేదు. పెద్దవాళ్ల తిట్లు కూడా బయటికి పొక్కకుండా కాపాడే ఆ తలుపుల పనితనానికి అప్పుడే దణ్ణం పెట్టుకున్నాను. కాబట్టి ఈ విషయం మీద నిష్పక్షపాతంగా రాసే అర్హత నాకే ఉంది. కొన్నవాడు పొగడక తప్పదు, అమ్మేవాడి మాట నమ్మలేం, ఎక్కినవాడు దిగి వచ్చి వ్యాసం రాయడు.

ఈ నిశ్శబ్దానికి మూలపురుషుడు హెన్రీ రాయిస్. 1863లో ఇంగ్లాండులో ఒక పిండిమర నడిపే ఇంట్లో పుట్టాడు. తండ్రి వ్యాపారం మునిగింది, ఆ తర్వాత తండ్రీ పోయాడు. కుర్రాడు పేపర్లు అమ్మాడు, ఇంటింటికీ టెలిగ్రాములు మోశాడు. మేనత్తో పిన్నో పుణ్యం కట్టుకుని డబ్బు కడితే రైల్వే వర్క్‌షాపులో అప్రెంటిస్‌గా చేరాడు. ఆవిడ డబ్బు అయిపోవడంతో అదీ మధ్యలో ఆగింది. 1884లో మాంచెస్టర్‌లో చిన్న షెడ్డు లాంటిది పెట్టి, ఇళ్లకు కరెంటు బెల్లులు చేసి అమ్మడం మొదలుపెట్టాడు. ఈ బెల్లు సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పని పడుతుంది.

కాస్త డబ్బు చేరాక అందరిలాగే ఒక కారు కొన్నాడు. ఫ్రెంచి వాళ్ల డెకోవిల్, అదీ సెకండ్ హ్యాండ్. దాని మొరాయింపులకు మామూలు మనిషైతే అమ్మినవాడి మీద గొడవకు వెళ్లేవాడు. రాయిస్ దాన్ని విప్పి చూసి, ఇంతకంటే బాగా నేనే చేయగలనని 1904లో నిజంగానే ఒక కారు చేశాడు. ప్రపంచంలోని అతి డాబుసరి వంశవృక్షాల్లో ఒకటి సెకండ్ హ్యాండ్ కారు మీద చిరాకుతో మొలిచింది. ఈ వివరం షోరూములో ఎవరూ పని కట్టుకుని చెప్పరు.

చార్లెస్ రోల్స్ దీనికి పూర్తిగా ఎదురు. ప్రభువుగారి అబ్బాయి, కేంబ్రిడ్జి చదువు, లండన్‌లో ఫ్రెంచి కార్ల వ్యాపారం. 1904 మే 4న మాంచెస్టర్ మిడ్‌లాండ్ హోటల్లో ఇద్దరూ కలిశారు. నువ్వు చేసినన్ని కార్లూ నేనే అమ్ముతానన్నాడు రోల్స్. 1906లో కంపెనీ పెట్టారు. చేసేవాడి పేరు రెండోది, అమ్మేవాడి పేరు మొదటిది. లోకరీతి కనుక దీని మీద నేనేమీ అనను. వ్యాపారం నడిపిన క్లాడ్ జాన్సన్‌కు అసలు పేరే దక్కలేదు. రోల్స్‌కీ రాయిస్‌కీ మధ్య ఉన్న అడ్డగీత ఆయనే అనేవారు. ఆఫీసుల్లో పని చేసినవాళ్లకు ఈ గీత ఎవరో వేరే చెప్పనక్కర్లేదు.

ఆ గీతగారే 1907లో సిల్వర్ ఘోస్ట్ అనే కారును లండన్‌కూ గ్లాస్గోకూ మధ్య అటూ ఇటూ తిప్పించాడు. 14,371 మైళ్లు చెడిపోయి ఆగకుండా నడిచింది. అంతకుముందు ఒక్కసారి ఆగింది, రోడ్డు కుదుపులకు పెట్రోలు ట్యాపు దానంతటదే మూసుకుపోయి. తిరుగుడు పూర్తయ్యాక మోటారు క్లబ్బువాళ్లు విప్పి చూస్తే, అరిగినవి మార్చి మళ్లీ కొత్తదాన్ని చేయడానికి రెండు పౌండ్ల చిల్లర చాలన్నారు. ఆ తర్వాత ఈ కంపెనీ కార్ల విషయంలో రెండు పౌండ్లతో అయ్యే పని గురించి నేను మళ్లీ వినలేదు.

రోల్స్‌కు నేల మీద వేగం చాలలేదు. విమానాల మీద మోజు పడ్డాడు. 1910 జూన్‌లో ఎక్కడా దిగకుండా ఇంగ్లీష్ ఛానల్ దాటి వెనక్కి వచ్చాడు, జూలైలో బోర్న్‌మత్‌లో విమానం కూలి చనిపోయాడు. వయసు 32.

ఇక కొన్నవాళ్ల సంగతి. ఈ కారుకు సిద్ధాంత భేదాలు లేవు, అదే దాని గొప్ప. హైదరాబాదు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఒకటి ఆర్డరిచ్చి, అది చేతికి రాకముందే 1911లో కన్నుమూశారు. సింహాసనం లాంటి సీటుతో ఉన్న ఆ పసుపుపచ్చ కారును చౌమహల్లా ప్యాలెస్‌లో చూడవచ్చు. మరోపక్క లెనిన్. కార్మిక రాజ్యం తెచ్చిన నాయకుడు మంచులో తిరగడానికి సిల్వర్ ఘోస్ట్ వెనక చక్రాలు తీసేసి ట్యాంకులకు ఉండే లాంటి పట్టాలు, ముందు స్కీలు బిగించారు. బూర్జువా కారును నేల మీదికి దింపాలంటే చక్రాలు పీకడమే మార్గం కాబోలు. ఇక సర్వం త్యజించమని బోధించే పరంపరలో వచ్చిన రజనీష్ గారికి అమెరికాలోని ఒరెగాన్ ఆశ్రమంలో 93 ఉండేవి. రోజుకొకటి చొప్పున ఎక్కినా మూడు నెలల పైచిలుకు. ఏడాదికి సరిపడా 365 సమకూర్చాలని భక్తుల కోరికట. లీపు సంవత్సరం సంగతి ఏం ఆలోచించారో తెలియదు.

చెత్త ఎత్తించిన మహారాజు కథ చెప్పడం లేదేమని మీరు అడుగుతారు. లండన్ షోరూములో అవమానం జరగడం, రాజుగారు కోపంతో ఉన్న కార్లన్నీ కొని ఊళ్లో చెత్త మోయించడం, కంపెనీ క్షమాపణ చెప్పడం. ఫోన్ ఉన్న ప్రతివాడికీ ఏడాదికి రెండుసార్లు వచ్చే కథ. వచ్చినప్పుడల్లా రాజు మారతాడు, చెత్త మాత్రం అదే. రుజువు అడిగితే ఎవరూ చూపరు. అయినా ఆ కథంటే మనకు ప్రాణం. కొనలేనివాడికి కనీసం అందులో చెత్త పోసిన తృప్తి అయినా మిగలాలి కదా.

అసలు ఈ కంపెనీ విద్య ఏమిటని చాలాకాలం ఆలోచించాను. చెప్పకపోవడం. ఇంజను ఎన్ని గుర్రాల బలమని అడిగితే దశాబ్దాల పాటు వాళ్లిచ్చిన జవాబు 'చాలినంత'. నేను జీతం గురించి అడిగినవాళ్లకు ఇదే జవాబు చెప్పి చూశాను, జాలిపడ్డారు. అదే మాటైనా, దాని విలువ ఎవరు చెబుతున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. కారు చెడిపోయిందని కూడా అనకూడదట, 'ముందుకు సాగలేకపోయింది' అనాలట. ఇంజను ఎంత వేగంగా తిరుగుతోందో చూపే మీటరు ఇప్పటి కార్లలో ఉండదు. దాని బదులు ఇంకా ఎంత శక్తి మిగిలి ఉందో చూపే ముల్లు ఉంటుంది. కారు ఊరికే నిలబడి ఉంటే నూటికి నూరు. ఏ పనీ చేయకుండా కూర్చున్నప్పుడే శక్తి సంపూర్ణంగా ఉంటుందని నేను ఇంట్లో ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. ఇప్పుడు వాళ్లకు ఆ ముల్లు చూపించాలి.

ముందున్న ఆ గుడి స్తంభాల్లాంటి గ్రిల్ గీతలు తిన్నగా కనిపించడానికి, వాటిని కావాలని రవ్వంత వంచారంటారు. తిన్నగా ఉంటే వంకరగా కనిపిస్తాయట. రాజకీయ నాయకులకు ఈ సూత్రం తెలిసే ఉంటుంది. లోపలి సీట్లకు ఎద్దుల తోళ్లే వాడతారు, అవీ కాస్త ఎత్తైన చల్లటి చోట్ల మేసినవాటివి. అక్కడ దోమలు తక్కువ, ముళ్లకంచెలు ఉండవు, తోలు మీద గీత పడదు. ఒక్క దోమ కూడా కుట్టకుండా జీవితం గడిపి, చివరికి కోటీశ్వరుడి కింద సీటయ్యే యోగం. మొదటి సగం వరకు నాకూ అభ్యంతరం లేదు.

కానీ నన్ను కట్టిపడేసింది చక్రం. సినిమా హాలు దగ్గర మెల్లగా కదులుతున్న ఒకదాని పక్కనే నడుస్తూ చూశాను. చక్రం తిరుగుతోంది, దాని నడిమధ్య రెండు ఆర్ అక్షరాలున్న చిన్న మూత మాత్రం తిరగడం లేదు. కళ్లు నలుపుకుని మళ్లీ చూశాను. కారు ఆగింది, అక్షరాలు నిలువుగా ఉన్నాయి. కదిలింది, నిలువుగానే ఉన్నాయి. ఇంటికొచ్చి చదివితే తెలిసింది. మూత వెనక బేరింగు, కింది వైపు చిన్న బరువు. చక్రం ఏ గుంటలో పడి ఎటు దొర్లినా బరువు కిందికే లాగుతుంది, పేరు తలకిందులు కాదు. ఓడలు బళ్లవుతాయి, బళ్లు ఓడలవుతాయి అని మనవాళ్లు వేల ఏళ్లుగా భయపెడుతూ వచ్చారు. చక్రం తిరిగినా పేరు తిరగబడకుండా ఉండటానికి ఒక బేరింగు, పిడికెడు బరువు చాలునని ఎవరూ చెప్పలేదు.

తలుపు సంగతీ అంతే. వెనక తలుపు మామూలు కార్లకు వ్యతిరేక దిశలో తెరుచుకుంటుంది. మూయడానికి చెయ్యి చాపక్కర్లేదు, బటన్ నొక్కితే అదే మూసుకుంటుంది. తలుపు మందంలో ఒక గొడుగు దాక్కుని ఉంటుంది. తడిసిన గొడుగును అలాగే లోపలికి తోసినా ఆరిపోయే ఏర్పాటు ఉంది. ఆ గొడుగు పట్టేది అందులో కూర్చునే మనిషి కాదని వేరే చెప్పాలా?

బానెట్ మీది బొమ్మ గురించి చెప్పాలంటే వెటకారం కాస్త పక్కన పెట్టాలి. యజమానులు తమకు తోచిన నల్లపిల్లులను, దయ్యాలను తగిలించుకుంటుంటే చూడలేక, 1911లో కంపెనీ చార్లెస్ సైక్స్ అనే శిల్పితో ఒకటి చేయించింది. అంతకుముందే ఆయన లార్డ్ మాంటేగు కోసం పెదవుల మీద వేలు పెట్టుకున్న యువతి బొమ్మ చేశాడు. దాని పేరు విస్పర్. దానికి నమూనా మాంటేగు దగ్గర సెక్రటరీగా పనిచేసిన ఎలినార్ థార్న్‌టన్ అనీ, కంపెనీ బొమ్మలోనూ ఆమె పోలికే ఉందనీ చెబుతారు. ఇద్దరిదీ బయటికి చెప్పుకోలేని అనుబంధం. 1915 డిసెంబరు చివర్లో ఇద్దరూ ఇండియాకు బయలుదేరిన ఓడను జర్మన్ సబ్‌మెరీన్ క్రీట్ దీవి దగ్గర ముంచేసింది. ఆయన బతికాడు, ఆమె మునిగిపోయింది. ఇప్పుడు ఎవరైనా ఆ బొమ్మ మీద చెయ్యి వేస్తే అది గుటుక్కున బానెట్ లోపలికి దిగిపోతుంది.

ఇంత పరువు గల కంపెనీ 1971లో దివాలా తీసింది. కార్ల వల్ల కాదు, తానే చేసే విమానాల ఇంజన్ల వల్ల. అమెరికా కంపెనీ లాక్‌హీడ్ విమానం కోసం చేస్తున్న కొత్త ఇంజను ఫ్యానుకు కార్బన్ ఫైబర్ రెక్కలు పెట్టారు. అన్ని పరీక్షలూ నెగ్గాయి. పక్షి తగిలితే ఏమవుతుందో చూద్దామని 1970లో ఒక కోడిని వేగంగా విసిరారు. రెక్కలు ముక్కలయ్యాయి. మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వచ్చి ఖర్చు పేలిపోయింది. చివరికి ప్రభుత్వాలు వ్యాపారాల జోలికి పోకూడదనే కన్జర్వేటివ్ పార్టీయే కంపెనీని జాతీయం చేసింది. నేను సోషలిజం మీద చాలా ఉపన్యాసాలు విన్నాను, ఒక కోడి చేసినంత పని ఏదీ చేయలేదు.

కార్ల భాగాన్ని 1973లో విడగొట్టారు. తర్వాత అది విక్కర్స్ అనే కంపెనీ చేతికి వెళ్లింది, 1998లో విక్కర్స్ అమ్మకానికి పెట్టింది. ఫోక్స్‌వాగన్ 430 మిలియన్ పౌండ్లు పోసి కొన్నది. క్రూ ఊళ్లోని ఫ్యాక్టరీ వచ్చింది, బెంట్లీ వచ్చింది, గ్రిల్ ఆకారం, బానెట్ మీది బొమ్మ వచ్చాయి. రోల్స్ రాయిస్ అనే పేరు మాత్రం రాలేదు. అది విమానాల ఇంజన్ల కంపెనీ దగ్గర ఉంది. వాళ్లు దాన్ని 40 మిలియన్లకు బీఎండబ్ల్యూకు రాసిచ్చారు. ఇల్లు కొన్నవాడు ఒకడు, ఇంటిపేరు కొన్నవాడు ఇంకొకడు. చివరికి రాజీ కుదిరి, 2003 జనవరి 1 నుంచి ఇంగ్లాండులోనే గుడ్‌వుడ్‌లో కట్టిన కొత్త ఫ్యాక్టరీలో బీఎండబ్ల్యూ ఈ కార్లు చేస్తోంది. ఇంగ్లాండు పరువుకు నిలువెత్తు గుర్తు ఇద్దరు జర్మన్ల మధ్య బేరంలో తేలింది. ఎలినార్ ఓడను ముంచిందెవరో ఇక్కడ గుర్తు చేయడం మర్యాద కాదు.

నిశ్శబ్దం మాత్రం ఎవరి చేతికి మారినా తగ్గలేదు, పెరిగింది. గంటకు 60 మైళ్ల వేగంలో ఈ కారులో అన్నిటికంటే పెద్ద చప్పుడు కరెంటు గడియారానిదేనని 1958లో డేవిడ్ ఓగిల్వీ ప్రకటన రాశాడు. 2020లో ఘోస్ట్ అనే మోడల్‌ను కొత్తగా చేసినప్పుడు తలుపుల్లో, కప్పులో, నేలలో, ఆఖరికి టైర్లలో కూడా శబ్దాన్ని మింగే సరుకు కుక్కారు. మొత్తం 100 కిలోల పైనే. తీరా లోపల కూర్చుంటే ఆ నిశ్శబ్దానికి మనుషులకు తికమకగా, ఇబ్బందిగా అనిపించింది. అప్పుడు ఇంజనీర్లు మళ్లీ కూర్చుని, సన్నగా వినీ వినపడని ఒక గుసగుస లాంటి చప్పుడును లోపలికి తెచ్చారు. శబ్దం తీయడానికి ఒక ఖర్చు, పెట్టడానికి ఇంకో ఖర్చు. 2023లో స్పెక్టర్ అనే కరెంటు కారు వచ్చాక ఇంజనే లేదు. దాదాపు 700 కిలోల బ్యాటరీ కూడా చప్పుడును ఆపడానికి పనికొస్తుందని కంపెనీ చెబుతోంది.

ఇంత నిశ్శబ్దంలో ఒక చిక్కు ఉంది. వెనక సీట్లో వాళ్లు ఫోన్లో గుసగుసలాడినా ముందున్న డ్రైవరుకు పొల్లు పోకుండా వినిపిస్తుంది. ఏ పొలం ఎవరి పేరు మీద ఉందో, ఎవరిని ఎప్పుడు తీసేస్తున్నారో, అన్నీ. దీనికీ మందు కనిపెట్టారు. ఫాంటమ్ అనే మోడల్‌లో పొడవాటి రకానికి ముందు సీట్లకూ వెనక సీట్లకూ మధ్య మందపాటి అద్దం పెట్టించుకోవచ్చు. బటన్ నొక్కితే అవతలివైపు కనపడకుండా మసకబారుతుంది, మాట అటు పోదు. డ్రైవరుతో మాట్లాడాలనుకుంటే వెనకవాళ్లు ఇంటర్‌కమ్ నొక్కుతారు. డ్రైవరుకే చెప్పాల్సింది ఉంటే అతను కూడా అటు నుంచి పిలవవచ్చు, ఎత్తాలా వద్దా అన్నది వెనకవాళ్ల ఇష్టం. 1884లో మాంచెస్టర్‌లో ఒక కుర్రాడు అమ్మిన సరుకూ అదే. బయట నిలబడ్డవాడు బెల్లు కొడతాడు, లోపలివాడు తలుపు తీస్తే తీస్తాడు.