పాత స్పోర్ట్స్ కారుకి షాక్స్ మారుస్తున్నారా? సగం పని చేసి వదిలేయకండి

పాత స్పోర్ట్స్ కారు చేతికి రాగానే చాలామంది మొదట కొనేది కారు ఎత్తు తగ్గించే లోయరింగ్ స్ప్రింగులు. తర్వాత వెడల్పాటి టైర్లు, ఆ తర్వాత ముందు షాక్స్ పైభాగం బిగించే టవర్లు రెండింటినీ కలిపే స్ట్రట్ బార్. ఫ్యాక్టరీలో బిగించిన షాక్ అబ్జార్బర్లు మాత్రం ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతాయి. గతుకుల మీద కారు పడవలా ఊగుతుంటే "పాత బండి కదా, అంతే" అంటారు. ఆ బండి కొత్తలో అలా నడవలేదండీ. అరిగిపోయిన షాక్స్‌తో నడిపి దాని హ్యాండ్లింగ్ మీద తీర్పు చెప్పడం దానికి అన్యాయం చేయడమే.

ఇంకో రకం వాళ్లున్నారు. షాక్స్ మారుస్తారు, కానీ చుట్టూ ఉన్న రబ్బరంతా పాతదే వాడతారు. కొన్నాళ్లకు టకటకమని శబ్దం మొదలవుతుంది, తప్పు కొత్త షాక్స్ మీద పడుతుంది. ఈ పోస్ట్ ముఖ్యంగా వీళ్ల కోసమే.

ముందు షాక్ చేసే పనేమిటో చూద్దాం. కారు బరువు మోసేది స్ప్రింగ్. ఆ స్ప్రింగ్ ఊగకుండా ఆపేది షాక్. లోపలి పిస్టన్ సన్నని వాల్వుల గుండా ఆయిల్‌ని నెడుతుంది, ఊపులోని శక్తి వేడిగా మారి బయటికి పోతుంది. షాక్ ఇక్కడ రెండు రకాల ఊపులని అదుపు చేయాలి. కారు బాడీ సెకనుకి సుమారు ఒకటి నుంచి రెండుసార్లు ఊగుతుంది. చక్రం మాత్రం సెకనుకి పది పన్నెండు సార్లు ఎగరాలని చూస్తుంది. బాడీ ఊపు మనకు సీట్లో తెలిసిపోతుంది. చక్రం ఎగరడమే అసలు ప్రమాదం, ఎందుకంటే టైరు రోడ్డుని వదిలిన ప్రతి క్షణం గ్రిప్ సున్నా. మలుపు మధ్యలో చిన్న గతుకు తగలగానే వెనక భాగం పక్కకి గెంతిందంటే, టైర్లని అనుమానించే ముందు షాక్స్ చూడండి.

షాక్స్ ఒక్కరోజులో పోవు. కొద్దికొద్దిగా అరుగుతుంటాయి, మన చేతులు కూడా దానికి కొద్దికొద్దిగా అలవాటు పడతాయి. ఫెండర్ మీద చెయ్యి వేసి నొక్కి వదిలేసి "రెండోసారి ఊగలేదు, బాగానే ఉన్నాయి" అనే పరీక్షని నేను నమ్మను. చేత్తో నొక్కినప్పుడు షాక్ కదిలే వేగం చాలా తక్కువ. గతుకులో అది కదిలే వేగం వేరే లెక్క. పూర్తిగా చచ్చిన షాక్ ఈ పరీక్షలో దొరుకుతుంది, సగం చచ్చింది దొరకదు. అంతకంటే టైరు మీద చెయ్యి తిప్పి చూడండి. అరుగుదల అలలు అలలుగా, ఎత్తుపల్లాలుగా తగిలితే చక్రం రోడ్డు మీద ఎగురుతోందని గట్టిగా అనుమానించాలి. షాక్ ఒంటి మీద పల్చటి తేమ ఉంటే కంగారు పడక్కర్లేదు. ఆయిల్ కారిన చారలు, దాని మీద అంటుకున్న మట్టి కనిపిస్తే మాత్రం దాని పని అయిపోయింది. బ్రేక్ వేయగానే ముక్కు బాగా కిందికి వంగడం కూడా ఒక గుర్తే.

విడిభాగాలు కొనేముందు మీ కారు కింద ఏ ఏర్పాటు ఉందో తెలుసుకోండి. 1989లో వచ్చిన మొదటి తరం మజ్దా ఎమ్‌ఎక్స్-5కి నాలుగు మూలలా డబుల్ విష్‌బోన్, అంటే ప్రతి చక్రాన్నీ బాడీకి కలిపే ఆర్మ్స్ పైనొకటి, కిందొకటి. అక్కడ చక్రాన్ని పట్టుకునేది ఆర్మ్స్, షాక్ ఊపుని ఆపుతుందంతే. టొయోటా ఎమ్‌ఆర్2 రెండో తరానికి నాలుగు మూలలా స్ట్రట్సే. స్ట్రట్ అంటే షాకూ అదే, చక్రాన్ని నిటారుగా నిలబెట్టే స్తంభమూ అదే, ముందు వైపైతే స్టీరింగ్‌తో పాటు తిరిగేదీ అదే. అందుకే స్ట్రట్ అరిగితే ఊపుతో పాటు స్టీరింగ్ కూడా పాడవుతుంది. బీఎండబ్ల్యూ ఈ30లో ఇంకో పద్ధతి. ముందు స్ట్రట్ గొట్టం కారుకే ఉండిపోతుంది, లోపలి కార్ట్రిడ్జ్ (అసలు షాక్ ఉండే గొట్టం) ఒక్కటే మారుతుంది. గొట్టానికీ కార్ట్రిడ్జ్‌కీ మధ్య కొంచెం ఆయిల్ పోస్తేనే వేడి బయటి గోడకి చేరుతుంది. ఆ ఆయిల్ పోయకుండా బిగించేవాళ్లు చాలామంది.

ఇక నా అసలు వాదన. షాక్ మారుస్తున్నారంటే ఆ మూల మొత్తం మార్చండి. టాప్ మౌంట్ (షాక్ పైభాగాన్ని బాడీకి పట్టే ముక్క), స్ట్రట్ అయితే దాని బేరింగ్, బంప్ స్టాప్, డస్ట్ బూట్ (దుమ్ము పడకుండా కాపాడే తొడుగు), స్ప్రింగ్ కిందా పైనా ఉండే రబ్బర్ ప్యాడ్లు, కొత్త లాక్ నట్లు. షాక్స్ ధరతో పోలిస్తే ఇవన్నీ కలిపినా తక్కువే అవుతాయి. పైగా వీటి కోసం మళ్లీ విప్పాలంటే పడే శ్రమ మొత్తం మళ్లీ పడాల్సిందే. పాత బంప్ స్టాప్‌ని చేతిలోకి తీసుకుంటే చాలాసార్లు పొడి పొడిగా రాలిపోతుంది. అదేదో చిన్న రబ్బర్ ముక్క కాదు. షాక్ చివరిదాకా దిగినప్పుడు అది రెండో స్ప్రింగులా పనిచేస్తుంది. ఎమ్‌ఎక్స్-5 లాంటి తక్కువ ట్రావెల్ (చక్రం పైకీ కిందికీ కదిలే దూరం) ఉన్న కార్లలో అది తరచూ తగులుతూనే ఉంటుంది. అది లేకపోతే లోహానికి లోహం కొట్టుకుంటుంది, కొత్త షాక్ వాల్వులు దెబ్బతింటాయి. చిరిగిన డస్ట్ బూట్ వదిలేస్తే ఇసుక షాఫ్ట్ (షాక్‌లోకి జారే కడ్డీ) మీద చేరి సీల్‌ని కోసేస్తుంది. బీఎండబ్ల్యూ ఈ36 వెనక టాప్ మౌంట్లు అరిగిపోవడం ఆ కారు తెలిసిన అందరికీ తెలుసు. అయినా పాతవే బిగించి, కొత్త షాక్స్ శబ్దం చేస్తున్నాయంటారు!

ఈ పని ఇంట్లోనే చేసుకోమని నేను అనడానికి కారణం డబ్బు మిగలడం ఒక్కటే కాదు. తొందరలో ఉన్న మెకానిక్ బంప్ స్టాప్ దగ్గర ఆగడు, బుష్ (కీళ్ల దగ్గరుండే రబ్బరు) ఏ స్థితిలో బిగించాలో చూసుకోడు. మన కారు దగ్గర మనకి తొందర లేదు. పాత బోల్టులకి ముందు రోజే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి వదిలేయొచ్చు. ప్రతి నట్‌కీ టార్క్ (బిగింపు బలం) ఎంతో మాన్యువల్‌లో చూసి బిగించొచ్చు.

కానీ స్ప్రింగ్ దగ్గర మాత్రం ఎవరి మాటా వినకండి, తొందర పడకండి. నొక్కి ఉన్న కాయిల్ స్ప్రింగ్‌లో మనిషి ప్రాణం తీసేంత శక్తి ఉంటుంది. స్ట్రట్ పైనున్న మధ్య నట్‌ని స్ప్రింగ్ నొక్కకుండా విప్పారంటే టాప్ మౌంట్ తుపాకి గుండులా లేస్తుంది. స్ప్రింగ్‌ని నొక్కి పట్టే కంప్రెసర్ రెండు కొక్కేల రకమైతే ఒకదానికి ఒకటి సరిగ్గా ఎదురెదురుగా పెట్టండి. ఒక వైపు కొంచెం, మరో వైపు కొంచెం, సమంగా బిగించుకుంటూ రండి. ఒక వైపే ఎక్కువ బిగిస్తే స్ప్రింగ్ వంగి కొక్కెం జారుతుంది. మరలకి గ్రీజు రాయండి, సేఫ్టీ పిన్నులుంటే తప్పకుండా పెట్టండి. దాని సీటు (స్ప్రింగ్ కూర్చునే పళ్లెం) మీద స్ప్రింగ్ వదులైందని చేత్తో తిప్పి నిర్ధారించుకున్నాకే మధ్య నట్ విప్పండి. అంతకంటే ఎక్కువ నొక్కాల్సిన అవసరం లేదు. స్ప్రింగ్ చివరలు మీ వైపు గానీ ఇంకొకరి వైపు గానీ చూడకూడదు. మరలు అరిగిన అద్దె కంప్రెసర్ వస్తే వెనక్కి ఇచ్చేయండి. ఇంత చెప్పినా చెయ్యి వణుకుతోందంటే స్ట్రట్స్ విప్పి తీసుకెళ్లి, స్ప్రింగ్ మార్చే పని ఒక్కటి వర్క్‌షాప్‌లో చేయించుకోండి. మిగతాదంతా మీరే చేసుకోవచ్చు. కారు కింద జాక్ స్టాండ్లు లేకుండా, ఒక్క జాకీ మీద నమ్మకంతో పని చేసేవాళ్లకి నేను చెప్పగలిగింది ఒక్కటే, దయచేసి ఈ పని మొదలుపెట్టకండి.

షాఫ్ట్ తిరగకుండా ఆలెన్ కీతో పట్టుకుని నట్‌ని స్పానర్‌తో బిగించాలి. ఇంపాక్ట్ గన్ పెడితే షాఫ్ట్ గిర్రున తిరిగి లోపలి భాగాలు, సీల్ దెబ్బతినొచ్చు. ప్లయర్‌తో షాఫ్ట్‌ని పట్టుకుంటే ఆ క్రోమ్ మీద పడే ఒక్క గీత చాలు, కొత్త షాక్ లీకవడానికి. స్ప్రింగ్ చివర సీటు గాడిలో సరిగ్గా కూర్చుందో లేదో కంప్రెసర్ వదిలే ముందే చూడండి. కాలిపర్‌ని బ్రేక్ పైపు మీద వేలాడదీయకుండా తీగతో కట్టండి, ఏబీఎస్ వైరు లాగబడకుండా చూసుకోండి. షాక్స్ ఎప్పుడూ జతగానే, ముందు రెండూ లేదా వెనక రెండూ మార్చాలి.

ఎక్కువమంది ఎగ్గొట్టే పని ఇంకొకటుంది. చాలా కార్లలో షాక్ కింది బుష్‌లోనూ, ఆర్మ్స్ బుష్‌లలోనూ రబ్బర్ లోపలి గొట్టానికి అతికి ఉంటుంది. అది జారదు, మెలిపడుతుంది. చక్రం గాల్లో వేలాడుతుండగా ఆ బోల్టు గట్టిగా బిగిస్తే, కారు నేల మీదకి దిగగానే రబ్బర్ శాశ్వతంగా మెలిపడే ఉంటుంది. కారు కొంచెం ఎత్తుగా నిలబడుతుంది, బుష్ త్వరగా చిరుగుతుంది, మలుపుల్లో సస్పెన్షన్ బిగుసుకున్నట్టు ఉంటుంది. అందుకే ఆ బోల్టులు ముందు చేత్తో మాత్రమే బిగించి, కారు బరువు చక్రాల మీద పడ్డాక, లేదా ఆర్మ్ కింద జాకీ పెట్టి అదే ఎత్తుకి లేపాక, చివరి టార్క్ ఇవ్వాలి. ఇది తెలిసి కూడా చేయనివాళ్లని చూస్తే నిజంగా కోపం వస్తుంది నాకు.

ఏ షాక్స్ కొనాలి అంటే, రోడ్డు మీద నడిపే కారుకి చవక కాయిలోవర్ల (ఎత్తు మార్చుకోగల స్ప్రింగ్-షాక్ సెట్ల) కంటే, ఫ్యాక్టరీ ఎత్తుకి తగ్గ మంచి షాక్స్‌కే నా ఓటు. మోనోట్యూబ్ (ఒకే గొట్టం ఉన్న) షాక్‌లో ఆయిల్, గ్యాస్ మధ్య ఇంకో పిస్టన్ అడ్డుగా ఉంటుంది కాబట్టి గట్టిగా నడిపినా ఆయిల్ నురగ కట్టదు. ట్విన్ ట్యూబ్ (గొట్టంలో గొట్టం ఉన్నది) అంటే తక్కువ రకం అని కాదు. కోనీ కంపెనీ పసుపు రంగు షాక్స్ కొన్న చాలామంది వాటి సర్దుబాటు నాబ్ కారు గట్టితనం మొత్తం మారుస్తుందనుకుంటారు. అది మార్చేది రీబౌండ్‌ని, అంటే షాక్ సాగేటప్పుడు ఇచ్చే అడ్డుని. గట్టిగా ఉంటే స్పోర్టీ అనే నమ్మకం కూడా మానుకోండి. గతుకు మీద టైరుని నేలకి అంటించి ఉంచే షాకే మంచి షాక్.

స్ట్రట్‌ని నకుల్‌కి (చక్రం హబ్‌ని మోసే ముక్కకి) పట్టే బోల్టులు విప్పేముందు వాటి స్థానం పెయింట్ పెన్‌తో గుర్తు పెట్టండి. ఆ గుర్తు కారుని వీల్ అలైన్‌మెంట్ దాకా నడుపుకుంటూ వెళ్లడానికి మాత్రమే. స్ట్రట్ కారైతే అలైన్‌మెంట్ తప్పనిసరి. డబుల్ విష్‌బోన్‌లో ఆర్మ్ బోల్టులు కదిపితే, లేదా ఎత్తు మారితే, అక్కడా చేయించాల్సిందే. కొత్త మౌంట్లూ రబ్బరూ కుదురుకోవడానికి కొన్ని రోజులు మామూలుగా నడిపి, అన్ని బోల్టులకీ మళ్లీ టార్క్ రెంచ్ పెట్టి చూసి, అలైన్‌మెంట్ ఆ తర్వాత చేయించండి. ఈలోపు స్టీరింగ్ తిప్పినప్పుడు "టంగ్" మని శబ్దం వస్తే స్ప్రింగ్ సీటులోనో బేరింగ్‌లోనో సరిగ్గా కూర్చోలేదని అర్థం, అలైన్‌మెంట్‌కి వెళ్లేముందే విప్పి సరిచేయండి.