ముందుమాట గారూ, కాస్త జరగండి

మహారాజశ్రీ ముందుమాట గారికి,

తిరుపతిలో పుస్తకాలకు పేజీలు కట్టి పొట్ట పోసుకునే డీటీపీ మనిషి నమస్కరించి రాయునది.

తమరు క్షేమమని వేరే అడగక్కర్లేదు. హాస్టలు పిల్లల రచనల సంకలనం ఒకటి మా ప్రెస్సుకు వచ్చినప్పుడు తమరు అన్నదమ్ములందరినీ వెంటబెట్టుకుని దిగారు కదా! మున్నుడి, తొలిపలుకు, ఆశీస్సులు, అభినందన, శుభాకాంక్షలు, సందేశం. సందేశం అయితే రెండుసార్లు వచ్చింది. పుస్తకం ప్రూఫులో ఉండగా ఆఫీసరుగారు బదిలీ అయ్యారు. పాతాయన్ని తీసేస్తే బాగుండదు, కొత్తాయన్ని వేయకపోతే అసలే బాగుండదు.

కాగితం లెక్క తమకు తెలిసే అవకాశం లేదు కాబట్టి చెబుతాను. డెమ్మీ సైజులో ఒక ఫారం అంటే 16 పేజీలు. ఆ పుస్తకానికి డబ్బులు సర్దింది 5 ఫారాలకు, అంటే 80 పేజీలకు. దానికి ఒక్క పేజీ ఎక్కువైనా ఆరో ఫారం ఎక్కుతుంది, ఖర్చు పెరుగుతుంది. తమరు, తమ కలర్ ఫొటోలు కలిసి 26 పేజీలు తీసుకున్నారు. ఇక ఎవరో ఒకరు దిగాలి. జిల్లా స్థాయి పెద్దల్ని దింపలేం. బాతుల వెంట ఊళ్లు తిరిగి, ఆలస్యంగా బడిలో చేరిన యానాది కుర్రాడు పేజీన్నర రాశాడు. వాడిని దింపితే ఫోన్ చేసి అడిగేవాళ్లు ఎవరూ లేరు. దింపేశారు.

ఇంతకీ తమలో తమరు ఏం రాసుకున్నారు? ‘గొంతు లేని చిన్నారులకు గొంతునిచ్చే మహాయజ్ఞం’ అని. గొంతు లేకపోవడం ఏమిటండీ! సాంబారులో పప్పు ఎక్కడని ఆ పిల్లలు అడిగితే అలిపిరి దాకా వినిపిస్తుంది. ‘మట్టిలో మాణిక్యాలు’ అని కూడా రాశారు. మట్టి అంటే వాళ్ల అమ్మానాన్నలన్నమాట.

అచ్చులో మిగిలిన వాటిలో ఏడో తరగతి పిల్ల రాసింది ఒకటుంది. రూళ్ల కాగితం మీద పెన్సిలుతో, రెండు వైపులా, మార్జిను కూడా వదలకుండా రాసింది. 2025 సీజన్‌లో తోతాపురి మామిడి ధర పడిపోయి చిత్తూరు జిల్లా పల్పు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి కదా, ఆ వరసలో నాయినతో కలిసి రెండు రాత్రులు పడుకుంది. అడుగు కాయలు మెత్తబడి రసం కారడం, ఈగలు, ట్రాక్టరు బాడుగ ఎంతయిందో నాయిన వేళ్ల మీద లెక్కపెట్టుకోవడం, అన్నీ రాసింది. చివర్లో ఇలా ఉంది: ‘వాళ్లు కాయ కోసి చూసి బాగలేదన్యారు. ఆ కాయనే మా నాయిన తిన్యాడు. నాకూ పెట్టినాడు. బాగనే ఉన్నింది.’

ఇది చదువుతూ నేను కీబోర్డు మీద చేయి తీసి కాసేపు ఊరికే కూర్చున్నాను. తమరు మాత్రం ‘మామిడి ఫలం పట్ల చిన్నారికి గల ప్రకృతి ప్రేమ ముదావహం’ అన్నారు. మొత్తం చదివి అన్నారో, శీర్షిక చూసి అన్నారో శ్రీనివాసుడికే ఎరుక. సంపాదకులవారు ఇంకో మెట్టెక్కి, ఆ చివరి వాక్యాలను ‘మా తండ్రిగారు సదరు ఫలమును ఆరగించిరి’ అని దిద్ది పంపారు. చిత్తూరు జిల్లా పల్లె మాటల్లోనే కథలు రాసి నామిని పేరు తెచ్చుకుంటే సభల్లో చప్పట్లు కొట్టే చేతులే ఇవి.

పోనీ, పేరైనా వేశారా? ‘ఒక విద్యార్థిని, 7వ తరగతి’ అని వేశారు. అడిగితే, పిల్లల రక్షణ అన్నారు. కేసుల్లో చిక్కుకున్న, సంరక్షణలో ఉన్న పిల్లల వివరాలు పత్రికల్లో బయటపెట్టకూడదని 2015 నాటి బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ చెబుతుంది, నిజమే. అలాంటి పిల్లలకు నచ్చిన కలం పేరు పెట్టుకోమనొచ్చు. కానీ అదే పిల్ల దాతగారి దగ్గర దుప్పటి అందుకుంటున్న ఫొటోను వెనక అట్ట మీద నిండుగా వేశారే! పేరుకు రక్షణ కావాలి, మొహానికి అక్కర్లేదు కాబోలు. రచన హక్కులు ఎవరికి రాసిచ్చినా, ఇది నాదని చెప్పుకునే హక్కు రాసినవాళ్లకే ఉంటుందని 1957 కాపీరైట్ చట్టం 57వ సెక్షన్‌లో ఉంది. మాటతోనో, రాతతోనో, అచ్చుతోనో తన భావం చెప్పుకునే స్వేచ్ఛ పిల్లలకు ఉందని 1989 ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 13వ అధికరణంలో ఉంది. మన దేశం 1992లో దానికి ఒప్పుకుంది. అందులో ముందుమాట తప్పనిసరి అని ఎక్కడా లేదు, వెతికాను.

ఆవిష్కరణ సభ సంగతి క్లుప్తంగా: వేదిక మీద తమరంతా, కింద బొకేల పళ్లేలు పట్టుకుని రచయితలు. పెళ్లికూతురు వడ్డనకు నిలబడ్డట్టుంది. శాలువాలు కప్పడం అయ్యేసరికి హాలు అద్దె టైము అయిపోయింది, పిల్లలెవరూ చదవలేదు. పుస్తకాలు సందేశాలిచ్చిన వారికి తలా పది. హాస్టలుకు ఒకటి. అది నలిగిపోకుండా బీరువాలో పెట్టి తాళం వేశారట.

ఇప్పుడు అసలు విషయం. ఇంకో హాస్టలు పిల్లల పుస్తకం మా దగ్గరికి వచ్చింది. 4 ఫారాలు, 64 పేజీలు. యానాది కుర్రాడి పేజీన్నర నా దగ్గరే ఉంది, వాడిని అడిగి మొదట్లోనే కట్టాను, వాడు చెప్పిన పేరుతో. తమకు ఆఖర్న, ప్రెస్సు అడ్రసు పైన, అర పేజీ వదిలాను. ఫొటో పట్టదు. మ్యాటరు పంపండి, పేజీ కట్టి ప్రూఫు ఆ పిల్లలకే ఇస్తాను. ఎర్ర పెన్ను వాళ్ల దగ్గరుంది. అర్థం కాని వాక్యమల్లా కొట్టేయమని చెప్పాను.

ఇట్లు,
తమ 26 పేజీలూ అక్షరం వదలకుండా చదివిన ఏకైక పాఠకుడు