కంచం అంచున దొండకాయ ముక్క

మాది అంబాజీపేటకు దగ్గర్లో ఒక ఊరు. ఇంటి చుట్టూ కొబ్బరి, కాలువ గట్టున అరటి. మా అబ్బాయికి ఆరేళ్ళు. నిరుడు సంక్రాంతి వెళ్ళాక వాడికి సీలియాక్ జబ్బు అని తేలింది. గోధుమలోనూ బార్లీలోనూ ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తు కడుపులో పడిందంటే, వాడి ఒంట్లోని రక్షణ వ్యవస్థే చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. మందు లేదు, జన్మంతా వాటిని మానడమే వైద్యం. ఉత్తరాదితో పోలిస్తే మన వైపు ఈ జబ్బు తక్కువ కాబట్టి, ఎవరింటికి వెళ్ళినా కథ మొదటి నుంచి చెప్పుకోవాలి.

మానిపించడం ఒక ఎత్తు, కూరలు తినిపించడం ఒక ఎత్తు. అన్నం, ముద్దపప్పు, నెయ్యి, పెరుగు, అరటిపండు. ఈ అయిదింటితో వాడు ఏడాది పొడవునా గడిపేయగలడు.

మొన్న ఆదివారం మా అమ్మ వసారాలో కత్తిపీట ముందు కూర్చుని అరటిదూట తరుగుతోంది. (అరటి బోదె లోపల ఉండే తెల్లటి ఊచను మా వైపు దూట అంటాం.) మా ఆవిడ వచ్చి ఎదురుగా పీట వాల్చుకుంది. నేను ఓ మూల కొబ్బరికాయకు పీచు తీస్తున్నాను. ఎవరి పక్షమని అడుగుతారేమోనని చివరిదాకా తల ఎత్తలేదు.

అత్తగారు: ఈ దూట ఇవాళ బాబు కడుపులోకి వెళ్ళాలి. మెత్తగా ఉడికించి, మెదిపి, ముద్దపప్పులో కలిపేస్తాను. వాడికి తెలియనే తెలియదు. నువ్వు మాత్రం చెప్పకు.

కోడలు: వాడు అడిగితే చెబుతాను అత్తయ్యా.

అత్తగారు: ఎందుకమ్మా చెప్పడం? నేనేమైనా విషం పెడుతున్నానా?

కోడలు: విషం అనలేదు. వాడికి మనం ఏం నేర్పాం? ఏది నోట్లో పెట్టుకోబోయినా ముందు "ఇందులో ఏముంది?" అని అడగమన్నాం. బడిలో పుట్టినరోజు కేకు పంచినా, పక్కింటివాళ్ళు ప్రేమగా కాజా చేతిలో పెట్టినా అడగమన్నాం. వాడు అడుగుతున్నాడు. ఇంట్లో అడిగినప్పుడు మనమే అబద్ధం చెబితే, రేపు బయట ఎవరి మాట నమ్ముతాడు?

అత్తగారు: అబద్ధం అంటే పెద్ద మాట. చందమామను పిలిచి ముద్ద పెట్టని తల్లి ఉందా? ఆ చందమామ ఎప్పుడైనా దిగి వచ్చాడా? మీ ఆయన చిన్నప్పుడు కాకరకాయ చూస్తే ఆమడ దూరం పరిగెత్తేవాడు. బెల్లం వేసి పులుసు పెట్టి, అది వంకాయ అని చెప్పి తినిపించాను. ఇవాళ కాకరకాయ వేపుడు లేకపోతే ముద్ద దిగదు.

(అది వంకాయ కాదని నాకు అప్పుడే తెలుసు. బెల్లం కోసం ఊరుకున్నాను. ఈ సంగతి ఆ పూట బయటపెట్టడం ఎవరికీ మంచిది కాదనిపించింది.)

కోడలు: ఆయనకు కాకరకాయ వికటించినా నోరు చేదవుతుంది, అంతే. బాబు సంగతి అది కాదు కదా. పోనీ, దిబ్బరొట్టె ఏమైంది? మినుములు, బియ్యపురవ్వ తప్ప ఇంకేమీ పడని రొట్టె. వాడు అడగకుండా, వెనకాడకుండా తినే ఒకే ఒక్క పలహారం. అందులో మీరు ఆనపకాయ తురిమి కలిపారు.

అత్తగారు: రెండుసార్లు తిన్నాడు కదా!

కోడలు: మూడోసారి పచ్చటి తురుము పంటికి తగిలింది. నోట్లోది తీసి గుమ్మం దగ్గర వెలుతురులో పెట్టి చూసుకున్నాడు. ఆ రోజు నుంచి రొట్టె పెడితే విరిచి లోపల చూడటం, వాసన చూడటం, కంచం పక్కకు జరపడం. ఆనపకాయ అలవాటు కాలేదు సరికదా, రొట్టె కూడా పోయింది.

(దూటను చక్రాలుగా తరుగుతుంటే ప్రతి చక్రం వెంటా సాలెపోగులాంటి పీచు సాగుతూ వస్తుంది. అమ్మ దాన్ని చూపుడువేలికి చుట్టుకుంటూ తరుగుతుంది. వేలి మీద చిన్న దారపు ఉండ తయారయ్యాక ఊడదీసి పక్కన పడేసి మళ్ళీ మొదలుపెడుతుంది. తరిగిన చక్రాలు నల్లబడకుండా పలచటి మజ్జిగలో పడుతుంటాయి. దిబ్బరొట్టె మాట వచ్చేసరికి ఆ చెయ్యి కాసేపు ఆగింది.)

అత్తగారు: సరే. అది నా తప్పే, ఒప్పుకుంటాను. ఇంకాస్త సన్నగా తురమవలసింది.

కోడలు: అత్తయ్యా!

అత్తగారు: ఉండమ్మా, నీ పద్ధతి కూడా చూస్తున్నాను. మూడు వారాలుగా వాడి కంచం అంచున రెండేసి దొండకాయ ముక్కలు వేస్తున్నావు. తినమని అనవు, మానమని అనవు. దేవుడికి నైవేద్యం పెట్టినట్టు పెట్టి ఊరుకుంటావు. అవి అలాగే ఎండిపోతున్నాయి. చివరికి తింటున్నది ఎవరు? కాకి!

(కాకి కాదు, నేను.)

కోడలు: తినకపోయినా ఫరవాలేదు, చూస్తే చాలు. ఈ వయసులో పిల్లలకు కొత్త తిండి అంటే జంకు సహజం. రెండేళ్ళప్పుడు మొదలై ఆరేళ్ళ దాకా బలంగా ఉంటుంది. ఒక కొత్త కూర ఎనిమిది, పది, ఒక్కోసారి పదిహేనుసార్లు ఎదురుపడితే గాని నోరు తెరవరు. మొదటి వారం ఆ ముక్క అన్నానికి తగిలిందంటే కంచమే తోసేశాడు. ఇప్పుడు వేలితో పక్కకు జరిపి తన అన్నం తను తింటున్నాడు. అది ముందడుగే.

అత్తగారు: పక్కకు జరిపితే ముందడుగు ఎలా అవుతుంది? పక్కడుగు! నీ పదిహేనుసార్లు పూర్తయ్యేసరికి వాడు చిక్కి శల్యమవుతాడు. రక్తం తక్కువగా ఉందన్నారు కదా?

కోడలు: ఇనుము ఒంటికి పట్టేది చిన్నపేగు మొదటి భాగంలోనే, ఈ జబ్బు దెబ్బతీసేది కూడా ముందుగా దాన్నే. అందుకే డాక్టరు మందు రాశారు, వేస్తున్నాం. పేగు మానడానికి నెలలు పడుతుంది. ఈలోగా పప్పులో నిమ్మకాయ పిండుతున్నాను, ఆ పులుపులోని సి విటమిన్ పప్పులోని ఇనుము ఒంటపట్టడానికి సాయం చేస్తుంది. నేను పిండుతున్నాను అన్నానా? కాదు, వాడే పిండుతున్నాడు. ఎందుకో కూడా వాడికి తెలుసు. చాటుగా పిండవలసిన అవసరమే రాలేదు.

అత్తగారు: నిమ్మకాయ సరే. పోనీ, దొండకాయ ముక్క తింటే పూతరేకు ఇస్తానని ఆశపెట్టనా? అది బియ్యపు రేకే కదా, వాడికి పడుతుంది.

కోడలు: అప్పుడు పూతరేకు బహుమానం, దొండకాయ శిక్ష అని మనమే చెప్పినట్టు అవుతుంది.

అత్తగారు: శిక్షే కదమ్మా! దొండకాయ నాకూ ఇష్టం ఉండదు.

(ఇక్కడ ఇద్దరూ నవ్వారు. వాదం అయిపోయిందనుకుని నేను లేవబోయాను. అయిపోలేదు.)

అత్తగారు: ఒక్క మాట అడుగుతాను. ఈ నేల ఏ నేల? 1852లో ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట కట్టించాక ఇక్కడ వరి తప్ప మాట లేదు. నా చిన్నతనంలో మా ఇంట్లో గోధుమ రొట్టె జ్వరం వచ్చినవాళ్ళకు పథ్యం, అంతే. పొద్దున్న చద్దన్నం, సాయంత్రం మినపరొట్టె. బాబుకు ఇప్పుడు పెట్టే తిండి మా తాత తిన్న తిండే. దాన్ని రోగం తిండి అని మీరు పేరు పెట్టారు, వాడు నిజమేననుకున్నాడు.

కోడలు: ఈ మాట నేను ఒప్పుకుంటాను. నెదర్లాండ్స్‌లో పుట్టి ఉంటే వాడి పని ఇంకా కష్టమయ్యేది, అక్కడ రోజుకు రెండు పూటలు రొట్టే. అసలు ఈ జబ్బు గుట్టు బయటపడింది కూడా అక్కడే. 1944-45 చలికాలంలో యుద్ధం వల్ల అక్కడ కరువు వచ్చింది, రొట్టె దొరకలేదు. ఈ జబ్బు ఉన్న పిల్లలు ఆ కరువులో తేరుకున్నారు. రొట్టె మళ్ళీ రాగానే మళ్ళీ జబ్బుపడ్డారు. విలెం డికె అనే పిల్లల వైద్యుడికి గోధుమ మీద అంతకుముందే అనుమానం ఉండేది, దాంతో గట్టిపడింది.

అత్తగారు: కరువులో తేరుకున్నారా, పాపం! మన ఇంట్లో కరువు లేదు, పెరడు నిండా కూరలే. తినేవాడే కరువు. సరే, ఆ పిల్లవాడు ఎన్ని వదులుకున్నాడో ఎప్పుడైనా లెక్కపెట్టావా? పూరీ, ఉప్మా, సేమ్యా పాయసం, బిస్కెట్టు, కాజా. మొన్న అన్నవరం వెళ్ళి వచ్చి ప్రసాదం వాడి చేతిలో పెట్టాను, ఆ మాటే మరిచిపోయి. ఆకు విప్పాడు, వాసన చూశాడు, కళ్ళకద్దుకున్నాడు. "గోధుమనూక కదా" అని నా చేతికే తిరిగి ఇచ్చి, "నాయనమ్మా, దేవుడికి గోధుమ పడుతుందా?" అన్నాడు. నా కడుపు తరుక్కుపోయింది. అలాంటి పిల్లవాడి కంచంలో వాడికి నచ్చనిది వేసి రోజూ ఎదురుగా చూపించడం ఏమిటమ్మా? పెళ్ళి భోజనంలో కూర్చున్నా కంచాన్ని పోలీసు సోదా చేసినట్టు చేస్తాడు. భయం ఎక్కించావు నువ్వు. భయపడ్డ నోరు కొత్తదాన్ని ముట్టుకోదు.

(ఆ పూట అమ్మ అన్న మాటల్లో గట్టిది ఇదే. మా ఆవిడ వెంటనే జవాబు చెప్పలేదు. మజ్జిగలోని చక్రాలను వేలితో ముంచుతూ కూర్చుంది.)

కోడలు: భయపడుతున్న మాట నిజమే. కానీ అది నాకన్నా ముందు జబ్బు నేర్పింది. పేరు తెలియక ముందు ఏడాది పైగా వాడు ఏది తిన్నా కడుపు ఉబ్బేది, నొప్పి వచ్చేది. ఎందుకో మనకే తెలియదు, వాడికేం తెలుస్తుంది? ఆ పూట కంచంలో ఏది ఉంటే నేరం దాని మీదికి పోయింది. పూరీలోకి బంగాళాదుంప కూర తిన్నాడు. బాధపెట్టింది పూరీ, వాడు మానేసింది కూరను కూడా. తోటకూర, బీరకాయ అన్నీ ఆ ఏడాదే వదిలేశాడు. అందుకే తొందరపెట్టను, దొంగచాటుగానూ పెట్టను. మన చేతి మీద నమ్మకం ఒక్కటే వాడికి మిగిలింది.

అత్తగారు: నా చేతి మీద నమ్మకం లేదా వాడికి? పిండిమరలో గోధుమలు ఆడించిన వెంటనే బియ్యం పోస్తారని తెలిశాక, ఈ వయసులో తడిబియ్యం దంచి జల్లిస్తున్నది ఎవరు?

కోడలు: మీరే. అందుకే చెబుతున్నాను. ఇంగువ సంగతి గుర్తుందా?

(ఉండకేం! అన్నీ మానిపించామని రెండు నెలలు ధైర్యంగా ఉన్నాం. ఒక రోజు మా ఆవిడ ఇంగువ డబ్బా తిప్పి చదివింది. పొడి ఇంగువలో ఇంగువ కొంచెమే, మిగిలింది జిగురు, పిండి. చాలా డబ్బాల్లో ఆ పిండి గోధుమపిండే. మా డబ్బా మీదా చీమల్లాంటి అక్షరాల్లో అదే ఉంది. రోజూ పప్పు తిరగమోతలో వేస్తున్నది అదే. ఆ రాత్రి అమ్మ అన్నం తినలేదు.)

అత్తగారు: అది ఇప్పుడెందుకు తీశావు?

కోడలు: మిమ్మల్ని అనడానికి కాదు. ఆ రోజు మీరేమన్నారు? "ఇందులో ఇది ఉందని ఒక్కరైనా చెప్పి ఉంటే" అన్నారు. వాడు అనేదీ అదే. దిబ్బరొట్టె విరిచి చూసినప్పుడు వాడు వెతికింది ఆనపకాయను కాదు అత్తయ్యా. ఇంకేం కలిపారోనని వెతికాడు.

(అమ్మ వేలి మీది పీచు ఉండ ఊడదీసింది. పడేయకుండా అరచేతిలో పెట్టుకుని చూసింది.)

అత్తగారు: ఆవపెట్టి వండితే దూట రుచే వేరు. పప్పులో మెదిపితే దాని రుచి దానికి ఉండదు, నాకూ తెలుసు. వాడు తినాలనే తప్ప...

అప్పుడే వాడు పెరట్లోంచి వచ్చాడు. కాళ్ళ నిండా మట్టి. కత్తిపీటకు కాస్త దూరంగా గొంతుక్కూర్చుని, దూట నుంచి సాగుతున్న పీచు చూశాడు.

"నాయనమ్మా, ఇందులో ఏముంది?"

అమ్మ మా ఆవిడ వంక చూసింది. తరువాత వాడి వంక చూసింది.

"దూట. ఉట్టి దూట. గిన్నెలో మజ్జిగ, చిటికెడు ఉప్పు."

"పీచు నేను లాగనా?"

వాడి వేలికి పీచు చుట్టి పెట్టింది. నాలుగు చక్రాలకు వాడే లాగాడు. అయిదోదాన్ని గిన్నెలోంచి తీసి, అటూ ఇటూ తిప్పి, రంధ్రాల్లోంచి ఆకాశం చూసి, అంచు కొరికాడు. రెండుసార్లు నమిలాడు. లేచి వెళ్ళి మందార మొక్క మొదట్లో ఉమ్మేశాడు.

"చప్పగా ఉంది," అని మళ్ళీ పెరట్లోకి పోయాడు.

కోడలు: ఒకటి.

అత్తగారు: ఏమిటి ఒకటి? ఉమ్మేసింది కూడా లెక్కేనా?

కోడలు: లెక్కే అత్తయ్యా.

అత్తగారు: అయితే దిబ్బరొట్టెలో ఆనపకాయ రెండుసార్లు తిన్నాడు. అవీ వేసుకో.

కోడలు: తెలియకుండా తిన్నవి లెక్కలోకి రావు.

అత్తగారు: అవి మింగాడమ్మా!