రక్తం అత్తగారిది, పడిపోయింది నేను

నిన్న మా అత్తగారిని ఫాస్టింగ్ షుగర్ టెస్టుకి ల్యాబుకి తీసుకెళ్లాను. పొద్దున్న ఏడింటికి రమ్మన్నారు, ఎనిమిదిన్నరకి పిలిచారు. ఒక్క కుర్చీ ఖాళీ లేదు, గంటన్నరా నిలబడే ఉన్నాను. ఆవిడకి తోడుగా నేనూ కాఫీ మానేశాను, ఎవరూ అడక్కుండానే. ఆవిడేమో దర్జాగా చెయ్యి చాపి "కానివ్వమ్మా" అన్నారు. గొట్టంలోకి ఎర్రగా ఎక్కుతోంది. నాకు ఆవులింత, మెడ మీద చల్లటి చెమట, చెవుల్లో హోరు. తర్వాత చూస్తే సీలింగు ఫ్యాను.

ఎవరో నా గుప్పిట్లో తాళాల గుత్తి పెట్టారు. ఫిట్స్ వస్తే ఇనుము పట్టించే పాత అలవాటు, దానికే పనికిరాదు, పైగా నాకొచ్చింది ఫిట్సే కాదు. పోనీ మన తాళాలా? ఎవరిదో స్కూటరువి, ఆయన నా తల దగ్గర నిలబడి "కాస్త త్వరగా తేరుకుంటే నేను ఆఫీసుకి పోవాలి" అంటున్నాడు. ఇంకొకాయన ఉల్లిపాయ వాసన చూపించాలన్నాడు. ల్యాబులో ఉల్లిపాయెక్కడిది అనుకుంటున్నానా, వాచ్‌మన్ పెరుగన్నంలో నంజుకోడానికి తెచ్చుకున్న సగం ముక్క ముక్కు దగ్గరికి వచ్చేసింది. ఈలోగా ఒక భారీ మనిషి "లేపండి, గాలాడాలి" అంటూ చంకల కింద చేతులేసి కూర్చోబెట్టాడు. మళ్లీ సీలింగు ఫ్యాను.

ఆ మహానుభావుడి మీద నాకింకా కోపం పోలేదు. సాయంత్రం ఈసీజీ తీసి, బాగానే ఉందన్నాక మా డాక్టరు చెప్పిందేమిటంటే, మామూలు భయానికి బీపీ పెరుగుతుంది గానీ రక్తం చూసిన భయానికి కొందరికి ఢామ్మని పడిపోతుందట. మెదడు నుంచి గుండెకి వెళ్లే వేగస్ నరం అతి చేసి గుండె నెమ్మదిస్తుంది, నాళాలు వదులవుతాయి, రక్తం కాళ్లలోకి దిగి మెదడుకి చాలదు. అంతసేపు నిలబడటం, ఖాళీ కడుపు దానికి తోడు. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తిపెడితే నిమిషంలో అదే సర్దుకుంటుంది. అంటే నేను కింద పడి సగం వైద్యం చేసుకుంటే, ఈయన లేపి కూర్చోబెట్టి దాన్ని చెడగొట్టాడు.

చివరికి సూది గుచ్చిన అమ్మాయే అందర్నీ తరిమేసి, ఒక కుర్చీ లాగి నా కాళ్లు దానిమీద పెట్టింది. గంటన్నర నాకు దొరకని కుర్చీ!

అత్తగారు మోచేతి దగ్గర దూది నొక్కుకుంటూ వంగి చూసి, "అల్లుడుగారూ, మీరు కాఫీ తాగి రావాల్సింది" అన్నారు. కౌంటరు అబ్బాయి ఊరుకున్నాడా? "సార్, ఎలాగూ ఫాస్టింగ్‌లోనే ఉన్నారుగా, ఫుల్ బాడీ ప్యాకేజీ రాసెయ్యనా?"

టిఫిన్ చేశాక రెండు గంటలకి రెండో శాంపిల్ ఇవ్వాలన్నారు. దానికి అత్తగారు ఒక్కరే ఆటోలో వెళ్లొచ్చారు.