ట్రాక్టర్ నోటుకు లక్షలొస్తాయా? పెళ్ళి బహుమతి మెసేజ్‌కు వరసగా జవాబు

ముహూర్తాలు మొదలైతే చాలు, మా తిరుపతిలో ఫ్యామిలీ గ్రూపుల నిండా ఒక మెసేజ్ తిరుగుతుంది. ఎవరు రాశారో ఉండదు, "అందరికీ పంపండి" అని మాత్రం కింద ఉంటుంది. అది చెప్పేది క్లుప్తంగా ఇదీ: పెళ్ళికో షష్టిపూర్తికో మిక్సీలు, గోడ గడియారాలు ఇచ్చి డబ్బు తగలెయ్యకండి, పాత నోట్లు కొనివ్వండి. నోటు ఎంత పాతదైతే అంత ధర. ట్రాక్టర్ బొమ్మున్న 5 రూపాయల నోటుకూ, 786 నంబరున్న ఏ నోటుకైనా లక్షలు పలుకుతాయి, రిజర్వ్ బ్యాంకే కొంటుంది. ఎవరు పుట్టిన సంవత్సరం నోటు వాళ్ళకివ్వండి. స్టార్ గుర్తున్న నోటు దొరికితే వదలకండి. రద్దైన 500, 1000 నోట్లు ఇంట్లో మిగిలుంటే అవీ బహుమతికి పనికొస్తాయి. లామినేషన్ చేయించి ఫ్రేము కట్టిస్తే నూరేళ్ళు నిలుస్తుంది. బంగారంలాగా ఏటేటా విలువ పెరుగుతుంది.

పాత నోటు మంచి బహుమతి అన్నంత వరకు నాకు పేచీ లేదు. నోట్లు పోగేసే అలవాటు నాకూ ఉంది, మా వాళ్ళ పెళ్ళిళ్ళలో ఇచ్చాను కూడా. మిక్సీలు ఒకే ఇంటికి నాలుగు వచ్చి పడతాయన్నదీ నిజమే. తక్కిన మాటలు నమ్మి కొంటే మాత్రం కొన్నవాళ్ళు మోసపోతారు, ఒక చోటైతే ఇచ్చినవాళ్ళూ పుచ్చుకున్నవాళ్ళూ చట్టానికి దొరికిపోతారు.

"ఎంత పాతదైతే అంత ధర." ఇది వినడానికి సబబుగా ఉంటుంది కాబట్టే ఎక్కువమంది పడేది ఇక్కడ. రిజర్వ్ బ్యాంకు 1935లో మొదలైంది, దాని పేరుతో మొదటి నోటు 1938 జనవరిలో వచ్చింది, ఆరో జార్జి బొమ్మున్న 5 రూపాయలది. అదే ఏడు జూన్‌లో 1000, 10,000 నోట్లు కూడా వచ్చాయి. వయసు చూస్తే అన్నీ ఒకే ఈడువి. కానీ పెద్ద నోట్లను 1946లో రద్దు చేశారు, 1954లో మళ్ళీ తెచ్చారు, 1978 జనవరిలో మళ్ళీ రద్దు చేశారు. రద్దు అనగానే జనం బ్యాంకులకు పరిగెత్తి ఇచ్చేశారు. తంజావూరు పెద్ద గుడి బొమ్మున్న 1954 నాటి 1000 నోటు ఇప్పుడు అరుదు కావడానికి కారణం అదీ: దాన్ని ఎవరూ దాచుకోలేదు. అప్పటి చిన్న నోట్లను ఈ రద్దుల్లో చేర్చలేదు, బీరువాల్లో, పూజ గదుల్లో, పాత పుస్తకాల మధ్య కావలసినన్ని మిగిలాయి. వయసు అటూ ఇటూగా ఒకటే అయినా ధరల్లో పోలికే లేదు.

వయసుతో సంబంధం లేని తేడాలు ఇంకా ఉన్నాయి. 1975లో 50 రూపాయల నోటు మొదటిసారి వచ్చినప్పుడు వెనక పార్లమెంటు బొమ్మ మీద జెండా కొయ్య ఉంది, జెండా లేదు. జెండా తరవాతి ముద్రణలో వచ్చింది. పోగేసేవాళ్ళు రెండింటినీ వేరువేరుగా చూస్తారు. ఒకే బొమ్మ, ఒకే రంగు ఉన్న నోటు మీద కూడా రిజర్వ్ బ్యాంకు గవర్నర్ సంతకం మారితే ధర మారుతుంది, ఎందుకంటే కొందరు ఆ కుర్చీలో కొద్ది నెలలే ఉన్నారు.

అన్నిటికన్నా ముందు చూసేది నోటు ఎలా ఉందన్నది. కొనేముందు దాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకోండి. నడిమి మడత గీతలాగా కనిపిస్తుందా, మూలలు గుండ్రంగా అరిగాయా, వాటర్‌మార్క్ (వెలుతురులో కనిపించే నీడ బొమ్మ) వైపు సూది బెజ్జాల్లాంటివి ఉన్నాయా చూడండి. బెజ్జాలు కనబడగానే బెదిరిపోకండి. వెనకటికి బ్యాంకుల్లో నోట్ల కట్టలకు స్టేపుల్ పిన్నులు కొట్టేవాళ్ళు, 2001లో రిజర్వ్ బ్యాంకు వద్దని చెప్పింది. కాబట్టి అంతకు ముందటి నోటు ఎవరి చేతుల్లోనూ నలగకపోయినా దానికి ఆ చిల్లులు ఉండొచ్చు. మడతే అసలు లోపం. కొందరు అమ్మేవాళ్ళు మడత పోవాలని ఇస్త్రీ పెట్టెతో రుద్దుతారు. అలాంటి నోటు చదునుగా ఉంటుంది గానీ వేళ్ళ మధ్య ఆడిస్తే కొత్త కాగితం చేసే పెళపెళ చప్పుడు రాదు. మడత లేని నోటుకు ఇచ్చిన డబ్బులో సగం కూడా మడతలు పడి, అరిగి, అంచు చిరిగిన నోటుకు ఇవ్వనక్కర్లేదు.

ఇక ట్రాక్టరు, 786. పుత్తూరులో ఉన్న మా అత్త ఒకసారి ఫోన్ చేసి, "ఏం నాయనా, మా ఇంట్లో ట్రాక్టర్ నోటు ఉండాది, మూడు లక్షలంట కదా, ఎక్కడ మార్చేది?" అని అడిగింది. ఆ నోటు ముఖవిలువకు కొన్ని రెట్లు రావచ్చని, కొత్తదిలా ఉంటే ఇంకొంచెం పలకొచ్చని చెప్తే, "నీకు తెలీదులే, వాళ్ళు ఫోన్ నంబరు కూడా ఇచ్చినారు" అనింది. అసలు చిక్కంతా ఆ ఫోన్ నంబరే. ట్రాక్టర్ 5 నోటును ఏళ్ళ తరబడి అచ్చు వేశారు, 1995లో ఆపి 2001లో మళ్ళీ మొదలుపెట్టారు. అది ఎక్కడైనా దొరికే నోటు.

786 సంగతి లెక్క వేసి చూద్దాం. మన నోట్లకు ప్రిఫిక్స్ (నంబరుకు ముందుండే అంకెలు, అక్షరాల గుర్తు) తరవాత ఆరంకెల నంబరు ఉంటుంది. ఒక్కో ప్రిఫిక్స్ కింద 10 లక్షల నంబర్లు. అందులో 786 వరసగా ఎక్కడో ఒకచోట వచ్చేవి 3,999. ఒక్క ప్రిఫిక్స్‌లోనే అన్ని! ప్రిఫిక్స్‌లు ఎన్నున్నాయో, నోట్ల రకాలు ఎన్నున్నాయో మీరే ఊహించుకోండి. ముస్లిం సోదరులకు ఆ అంకె పవిత్రం, ఇష్టంగా దాచుకుంటారు, కొందరు ముఖవిలువ మీద కొంత ఎక్కువిచ్చి కొంటారు కూడా. రంజాన్‌కు స్నేహితుడి చేతిలో అలాంటి నోటు పెడితే ఆయన సంతోషపడతాడు, అందులో అనుమానం లేదు. లక్షలు మాత్రం రావు.

రిజర్వ్ బ్యాంకు కొంటుందన్నది పచ్చి అబద్ధం. 2021 ఆగస్టులో ఆ బ్యాంకే జనాన్ని హెచ్చరించింది: పాత నోట్లు, నాణేల కొనుగోలు అమ్మకాలతో మాకు సంబంధం లేదు, మా పేరు చెప్పి ఎవరైనా ఛార్జీ, కమిషన్, పన్ను అడిగితే ఇవ్వకండి అని. మోసం జరిగే తీరు ఎప్పుడూ ఒకటే. ముందు మీ నోటు ఫోటో పంపమంటారు. చూసి "సార్, మీది చాలా అరుదైన పీసు" అంటారు. తరవాత రిజిస్ట్రేషన్ ఫీజు, ఆ తరవాత జీఎస్టీ, అటు తరవాత ఏదో సర్టిఫికెట్. మధ్యలో రిజర్వ్ బ్యాంకు గుర్తుతో ఒక ఐడీ కార్డు ఫోటో కూడా పంపుతారు. నోటు మీ దగ్గరే ఉంటుంది, డబ్బు మాత్రం అటు పోతుంది. ఇంటర్నెట్‌లో ఎవరో మూడు లక్షలకు పెట్టారు కదా అంటారు మనవాళ్ళు. అది అమ్మేవాడి కోరిక. ఆ ధరకు ఒక్కరైనా కొన్నారా అన్నది ఎవరూ అడగరు.

"పుట్టిన సంవత్సరం నోటు" అన్న ఆలోచన నాకు ఇష్టమే, కానీ మెసేజ్ చెప్పినంత సులువు కాదు. మన నోట్ల వెనక ముద్రించిన సంవత్సరం వేయడం మహాత్మాగాంధీ 2005 సిరీస్‌తోనే మొదలైంది. అంతకు ముందు నోట్లలో ఏటి అంకె కనిపించేది 1 రూపాయి నోటు మీదే. ఆ 1 రూపాయి నోటు తీరే వేరు: దాన్ని ఇచ్చేది రిజర్వ్ బ్యాంకు కాదు, కేంద్ర ప్రభుత్వం. సంతకం ఆర్థిక శాఖ కార్యదర్శిది. అందుకే "ఇంత సొమ్ము చెల్లిస్తానని హామీ" అన్న వాక్యం దాని మీద ఉండదు. 1994లో అచ్చు ఆపి 2015లో మళ్ళీ తెచ్చారు. కాబట్టి షష్టిపూర్తికి ఆయన పుట్టిన ఏటి నోటు కావాలంటే 1 రూపాయి నోట్లలో వెతకాలి. "ఇది 1972 నాటి 10 రూపాయల నోటు సార్" అని ఎవరైనా ఖచ్చితంగా చెప్తే, ఆ ఏడాది ఎక్కడుందో చూపించమనండి.

దానికి బదులు గవర్నర్ సంతకం పట్టుకుంటే కథ బాగుంటుంది. 1984లో పుట్టినవాళ్ళకు మన్మోహన్ సింగ్ సంతకమున్న 10 రూపాయల నోటు ఇవ్వండి. ఆయన గవర్నర్‌గా ఉన్నది 1982 సెప్టెంబరు నుంచి 1985 జనవరి దాకా. అంతకు ముందు కార్యదర్శిగా 1 రూపాయి నోటు మీద సంతకం చేసినదీ ఆయనే. ఈ కాలం పిల్లలకైతే మనకింకా దగ్గరి సంగతి ఉంది. మన పక్కన కడప జిల్లాలో పుట్టిన వై.వి.రెడ్డి 2003 నుంచి 2008 వరకు, ఆ వెంటనే ఏలూరులో పుట్టిన దువ్వూరి సుబ్బారావు 2013 వరకు గవర్నర్లు. వరసగా పదేళ్ళు దేశమంతా చలామణి అయిన నోట్ల మీద తెలుగువాళ్ళ సంతకాలు! ఆ పదేళ్ళలో పుట్టిన పిల్లకో పిల్లాడికో ఆ సంతకాల నోటు ఇస్తే, 2005 తరవాతిదైతే వెనక సంవత్సరం కూడా ఉంటుంది. ఖర్చు కూడా పెద్దగా అవ్వదు.

పుట్టినరోజు నంబరు నోటు మరో దారి. 14-02-90 అయితే 140290 అని నంబరు ఉన్న నోటు. ప్రతి ప్రిఫిక్స్‌లో అది ఒక్కటే వస్తుంది, ప్రిఫిక్స్‌లు బోలెడు కాబట్టి దొరకడం కష్టమే గానీ అసాధ్యం కాదు. "ప్రపంచంలో ఒకే ఒక్కటి" అని వేలు అడిగేవాడి దగ్గర మాత్రం కొనకండి.

స్టార్ నోటు గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. అచ్చులో పాడైన నోటు స్థానంలో కట్టలో పెట్టే నోటు అది. 2006 నుంచి 10, 20, 50 నోట్లలో మొదలైంది. నకిలీదని కొన్నాళ్ళు, బంగారమని కొన్నాళ్ళు పుకార్లు వచ్చాయి. ఇదీ మిగతా నోట్లలాంటిదేనని 2023 జులైలో రిజర్వ్ బ్యాంకు చెప్పింది.

ఇక అసలు ప్రమాదం: రద్దైన 500, 1000. 2016 నవంబరు 8 తరవాత ఏం జరిగిందో మా ఊరివాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. గడువు దాటాక కూడా శ్రీవారి హుండీలో ఆ నోట్లు పడుతూ వచ్చాయి, వాటిని మార్చమని టీటీడీ కేంద్రాన్ని అడగాల్సి వచ్చింది. 2017లో వచ్చిన చట్టం ప్రకారం ఆ నోట్లు ఒక మనిషి దగ్గర అన్నీ కలిపి 10కి మించి ఉండకూడదు. అధ్యయనానికో, పరిశోధనకో, నోట్ల సేకరణకో అయితే 25. మించితే జరిమానా 10,000 రూపాయలు లేదా ముఖవిలువకు అయిదు రెట్లు, ఏది ఎక్కువైతే అంతవరకు పడొచ్చు. మెసేజ్ రాసినవాడు చదవని ముక్క ఇంకొకటుంది. చట్టం నిషేధించింది ఆ నోట్లను ఉంచుకోవడం, ఇంకొకరికి ఇవ్వడం, పుచ్చుకోవడం, మూడింటినీ. మినహాయింపు దగ్గర ఉంచుకోవడానికి ఇచ్చారు. పెళ్ళిలో పదిమంది ముందు కవరులో పెట్టి చేతులు మార్చడానికి ఇవ్వలేదు. తాత బీరువాలో రెండు దొరికితే అక్కడే ఉండనివ్వండి.

2000 నోటును వీటిలో కలపకండి. 2023 మే 19న వెనక్కి తీసుకుంటున్నామని ప్రకటించారే గానీ రద్దు చేయలేదు. మార్చుకోవాలంటే రిజర్వ్ బ్యాంకు ఇష్యూ ఆఫీసులకు వెళ్ళాలి, మన తిరుపతి, చిత్తూరు వాళ్ళకు దగ్గరది చెన్నై. పోస్టులోనూ పంపొచ్చు.

లామినేషన్ మాట ఎవరు కనిపెట్టారో గానీ, పోగేసేవాళ్ళు వింటే నెత్తి కొట్టుకుంటారు. వేడికి జిగురు కాగితంలోకి దిగుతుంది, మళ్ళీ ఊడదీయలేం. అంతటితో ఆ నోటు సేకరణకు పనికిరాదు. సెల్లో టేపు కూడా అంతే. "శుభాకాంక్షలతో" అని నోటు మీదే పెన్నుతో రాసేవాళ్ళూ ఉన్నారు, దండం పెడతాను, వేరే కార్డు మీద రాయండి. మెత్తగా, వాసన వచ్చే పీవీసీ కవర్లు ఏళ్ళు గడిస్తే జిగటగా మారి నోటుకు అంటుకుంటాయి. పాలిస్టర్ కవరు అడిగి కొనండి. ఫ్రేములో పెట్టాలంటే నోటును అంటించకుండా మూలలు పట్టి ఉంచేలా కట్టమని చెప్పండి, ఎండ పడని గోడకు తగిలించమనండి.

నేను ఇచ్చేది చదివింపుల లెక్కలోనే ఉంటుంది: నూట పదహార్లు. మూడు సింహాలున్న పాత 100, పాత 10, ట్రాక్టర్ 5, వెనక సాగర్ సమ్రాట్ అనే, సముద్రంలో చమురు బావులు తవ్వే రిగ్గు బొమ్మున్న 1 రూపాయి. నాలుగూ ఒకే కవరులో. పెద్దవాళ్ళు అక్కడికక్కడే కళ్ళజోడు సర్దుకుని చూస్తారు, "ఈ నోటుతో మేం సినిమాకు పోయేవాళ్ళం" అని మొదలుపెడతారు. ఫోటోగ్రాఫర్ విసుక్కుంటాడు.

చివరిది, "బంగారంలాగా ఏటేటా పెరుగుతుంది." బంగారానికి ఆ రోజు ధర ఒకటుంటుంది, తిరుపతిలోనైనా చిత్తూరులోనైనా ఏ కొట్టుకు పోయినా దాని చుట్టుపక్కలే కొంటారు. నోటుకు అలాంటి ధర లేదు, కావాలనే మనిషి దొరికితేనే ధర. ఆ మనిషి మన వీధిలో ఉండడు. డీలరు 400కు అమ్మిన నోటును మరుసటి రోజు 400కు వెనక్కి తీసుకోడు, ఆయనకూ కొట్టు అద్దె ఉంటుంది. కొనే ముందే ఒక్క ప్రశ్న అడగండి: "అన్నా, ఇదే నోటు ఆర్నెల్ల తరవాత నేనే తెస్తే ఎంతకు తీసుకుంటావ్?" నిజాయితీగా ఉన్నవాడు ఒక తక్కువ అంకె చెప్తాడు. ఆ అంకె విన్నాక కూడా నోటు నచ్చితే కొనండి. సమాధానం చెప్పకుండా "సార్, ఇది అమ్ముకునే నోటు కాదు, అదృష్టం" అని మొదలుపెడితే పక్క కొట్టుకు పోండి.